శిక్షణకు ముందరి ప్రశ్న: భారతదేశంలో అవసరాల విశ్లేషణ – చారిత్రక పరిశీలన (1926–1993)

వ్యాససంగ్రహం:

శిక్షణ కార్యక్రమానికి పాఠ్యాంశాలను రూపొందించే ముందు ఎవరికి ఏది అవసరమో నిర్ధారించుకొనే ప్రక్రియను ‘అవసరాల విశ్లేషణ’ అంటారు. ఇది ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో పాశ్చాత్య నిర్వహణశాస్త్రం నుంచి దిగుమతి అయిన పద్ధతి అనే అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. భారతదేశంలో ఈ ఆలోచనకు అంతకంటె పాత చరిత్ర ఉంది. 1926 నాటి ఢాకా భాషాబోధన పరిశోధన, 1952లో మొదలైన గ్రామసేవకుల శిక్షణ, 1964–65 కాకినాడ ప్రయోగం, 1990వ దశకారంభంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతోద్యమం అనే నాలుగు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘అవసరం’ అనే మాటకు అర్థం కాలక్రమంలో ఎలా మారిందో, దానిని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో వివరించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: శిక్షణ, అవసరాల విశ్లేషణ, పాఠ్యప్రణాళిక, మైకేల్ వెస్ట్, గ్రామసేవకులు, కాకినాడ ప్రయోగం, నెల్లూరు అక్షరాస్యతోద్యమం.

1. ఉపోద్ఘాతం:

రోగనిర్ధారణ జరగకుండా మందు ఇవ్వకూడదన్నది వైద్యంలో అందరూ అంగీకరించే సూత్రం. శిక్షణ రంగంలో ఈ సూత్రానికి గుర్తింపు ఆలస్యంగా లభించింది. శిక్షణ అనగానే పాఠాలు, శిక్షకులు, తరగతిగది, కాలపట్టిక ముందుగా గుర్తుకు వస్తాయి. అభ్యాసకునికి ఇప్పటికే ఏమి తెలుసు, అతడు చేయవలసిన పని ఏది, ఆ పని సాగకపోవడానికి కారణం తెలియకపోవడమేనా, మరొక అడ్డంకి ఉన్నదా అనే ప్రశ్నలు వెనుకబడతాయి.

ఈ ప్రశ్నలకు శాస్త్రీయమైన క్రమాన్ని కల్పించినవారిలో విలియం మెక్‌గీహీ, పాల్ థేయర్ ముఖ్యులు. 1961లో వెలువడిన తమ గ్రంథంలో వారు విశ్లేషణను మూడు స్థాయులుగా విభజించారు. మొదటిది సంస్థ స్థాయి: శిక్షణ ఎక్కడ అవసరం? రెండవది పని స్థాయి: ఏమి నేర్పాలి? మూడవది వ్యక్తి స్థాయి: ఎవరికి నేర్పాలి? 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రూపొందిన బోధనా ప్రణాళిక నమూనాలో కూడా తొలి దశ విశ్లేషణే. నేటి శిక్షణ సంస్థల కరదీపికలు చాలావరకు ఈ రెండు మూలాలకు ఋణపడి ఉన్నాయి.

కరదీపికలలో ఈ ప్రక్రియ ఒక పట్టికగానో, ప్రశ్నావళిగానో కనిపిస్తుంది. చరిత్రలో అది అంత సరళంగా లేదు. అవసరం ఎవరిది, దానిని చెప్పేది ఎవరు అనే వివాదం ప్రతి దశలోనూ దాని వెంట ఉంది. ఆ వివాదాన్ని స్పష్టంగా చూపగల నాలుగు భారతీయ సందర్భాలను కాలక్రమంలో పరిశీలించవచ్చు.

2. ఢాకా – వినియోగమే అవసరం:

భాషాబోధన చరిత్రలో ‘అవసరాల విశ్లేషణ’ అనే మాట మొదట భారతదేశంలోనే, 1926లో కనిపిస్తుందని ఆ రంగపు చరిత్రకారులు గుర్తించారు. దానిని వాడినవాడు మైకేల్ వెస్ట్. 1912లో ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి, ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రధానాచార్యుడిగా పనిచేసిన ఆంగ్లేయుడు ఆయన. బెంగాలులోని ద్విభాషా సమస్యపై ఆయన రచించిన నివేదిక 1926లో కలకత్తా నుంచి ప్రభుత్వ ప్రచురణగా వెలువడింది.

ఆ కాలంలో ఇంగ్లీషు బోధనకు ‘ప్రత్యక్ష పద్ధతి’ ఆదర్శం. మాట్లాడడం ముందు, చదవడం తరువాత అన్నది దాని నియమం. వెస్ట్ ఆ పద్ధతి మంచిచెడ్డలను చర్చించే ముందు మరొక ప్రశ్న వేశాడు: బెంగాలీ విద్యార్థి బడి విడిచిన తరువాత ఇంగ్లీషుతో ఏమి చేస్తాడు? విజ్ఞానశాస్త్రం, వైద్యం, వ్యవసాయం, వాణిజ్యం వంటి విషయాలపై గ్రంథాలు మాతృభాషలో తగినన్ని లేని కాలమది. కనుక ఆ విద్యార్థికి ఇంగ్లీషు ముఖ్యంగా చదివి తెలుసుకొనే సాధనమని, బోధన పఠనంతోనే మొదలు కావాలని ఆయన వాదించాడు.

ఈ వాదానికి ఆధారంగా ఆయన ప్రవేశపెట్టిన భావన నేటికీ విలువైనది. బీమా పాలసీని గడువుకు ముందే వదులుకున్నవారికి కొంత సొమ్ము తిరిగి వస్తుంది. చదువును మధ్యలో మానేసిన విద్యార్థికి అలా చేతికి వచ్చేది ఎంత అని వెస్ట్ ప్రశ్నించాడు. పాఠశాలలో చేరినవారిలో పెద్దభాగం చివరి తరగతి దాకా చేరడం లేదు. పాఠ్యప్రణాళిక మాత్రం చివరిదాకా చదివే కొద్దిమందిని దృష్టిలో పెట్టుకొని తయారైంది. మధ్యలో ఆగినవాడికి మాట్లాడడమూ పూర్తిగా రాదు, చదవడమూ రాదు. పఠనంతో మొదలుపెడితే రెండేళ్లు చదివి మానినవాడికి కూడా ఉపయోగపడే శక్తి కొంత మిగులుతుంది.

అవసరాన్ని ఇలా నిర్ధారించుకున్న తరువాతే ఆయన వాచకాల రూపకల్పనకు పూనుకున్నాడు. అప్పటి వాచకాలలో అరుదైన సాహిత్యపదాలు ఎక్కువ, అవి మళ్లీ కనిపించడం తక్కువ. ఆయన అరుదైన పదాల స్థానంలో వాడుకపదాలు చేర్చి, కొత్తపదానికీ కొత్తపదానికీ మధ్య దూరం పెంచి, వచ్చిన పదం పలుమార్లు తిరిగి వచ్చేలా కథలను తిరగరాశాడు. 1920వ దశకం చివరి నుంచి లాంగ్‌మన్స్ సంస్థ ప్రచురించిన ఆయన వాచకాలు ఈ కృషికి ఫలం.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. బెంగాలీ విద్యార్థి అవసరాన్ని నిర్ణయించినవాడు వలసపాలన యంత్రాంగంలోని అధికారి. ఇంగ్లీషు సర్కారు కొలువుకు మెట్టుగా ఉన్న కాలంలో ‘నీకు చదవడం వస్తే చాలు’ అనే నిర్ణయం విద్యార్థి ఆకాంక్షను కుదించగలదు. అవసరం, ఆకాంక్ష ఒకటి కావన్న సత్యం, వాటి మధ్య హద్దు గీసేది ఎవరన్న సందేహం ఈ తొలి సందర్భంలోనే బయటపడ్డాయి.

3. గ్రామసేవకుడు – పని అడిగే అవసరం:

వెస్ట్ ముందున్నది విద్యార్థి. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ముందుకు వచ్చినది ఒక కొత్త ఉద్యోగి. 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఎటావాలో అమెరికన్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయర్ ఆలోచనలతో ప్రయోగాత్మక గ్రామాభివృద్ధి పథకం మొదలైంది. గ్రామీణులు తాము అనుభవిస్తున్న అవసరాల నుంచే అభివృద్ధి మొదలు కావాలన్నది దాని మూలసూత్రం. ఆ అనుభవం ఆధారంగా 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం దేశంలో 55 ప్రాజెక్టులతో ఆరంభమైంది. ఒక్కొక్క ప్రాజెక్టు పరిధిలో సుమారు 300 గ్రామాలు, రెండు లక్షల జనాభా ఉండేలా ప్రణాళిక వేశారు.

ఈ పథకంలో గ్రామీణులతో నేరుగా వ్యవహరించేవాడు గ్రామసేవకుడు. కొన్ని గ్రామాల సముదాయానికి ఒకడు. మేలురకపు విత్తనాలు, ఎరువులు, పశుపోషణ, పారిశుధ్యం, బావులు, బాటలు, బడి, సహకార సంఘం అన్నీ అతని బాధ్యతలే. అంతమంది కార్యకర్తలను త్వరగా తయారుచేయడానికి ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో శిక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. తొలినాళ్లలో శిక్షణ కొద్ది నెలలకే పరిమితమైంది. తరువాత దానిని పొడిగించవలసి వచ్చింది.

గ్రామసేవకుడు చేయవలసిన పనుల జాబితా శిక్షణకు పునాది అయింది. జాబితాలో ప్రతి అంశానికీ ఒక పాఠం ఏర్పడింది. పని స్థాయి విశ్లేషణగా చూస్తే ఇది సక్రమంగానే కనిపిస్తుంది. అయితే జాబితాలోని పనికీ, ఊరిలో నిజంగా జరిగే పనికీ మధ్య ఎంత దూరముందో తెలియాలంటే పరిశీలకుడు ఊరికి వెళ్లాలి. ఆ పని చేసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ మానవశాస్త్రజ్ఞుడు ఎస్.సి. దూబే ఒకరు. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటపై అధ్యయనంతో ఆయన అప్పటికే ప్రసిద్ధులు. 1958లో వెలువడిన గ్రంథంలో ఆయన ఉత్తరప్రదేశ్ గ్రామాలలో సమాజ వికాస పథకం అమలును విశ్లేషిస్తూ గ్రామసేవకుని స్థితిని ప్రత్యేకంగా చర్చించారు. గ్రామీణులకు మిత్రుడిగా, మార్గదర్శిగా ఉండవలసినవాడు పైఅధికారుల లక్ష్యాలకూ, నివేదికలకూ జవాబుదారీ అయి రెండు ఒత్తిళ్ల మధ్య నలిగిపోతున్నాడని ఆ పరిశీలన చూపింది. ఎరువు మోతాదు చెప్పే పాఠం అతనికి అందింది. ఊరిలోని కులాల, కక్షల నడుమ నమ్మకం ఎలా సంపాదించాలన్నది అతడు స్వయంగా నేర్చుకోవలసిన విద్యగా మిగిలింది.

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం ఈ పథకం ప్రజల చొరవను మేల్కొల్పలేకపోయిందని నిర్ధారించి, అధికార వికేంద్రీకరణను సూచించింది. పంచాయతీరాజ్ వ్యవస్థకు దారితీసిన ఆ సూచన శిక్షణ చరిత్రలోనూ ముఖ్యమైనదే. గ్రామంలోని లోపం కార్యకర్త నైపుణ్యంలో మాత్రమే లేదని, నిర్ణయాధికారం ఎక్కడ ఉన్నదన్న దానిలోనూ ఉన్నదని ఆ సంఘం గుర్తించింది. ఎంత మంచి శిక్షణ అయినా తీర్చలేని కొరతలు కొన్ని ఉంటాయన్న అవగాహనకు ఇది ఆరంభం.

ఈ పథకంలోని వైరుధ్యం గమనించదగినది. గ్రామీణుల అవసరాలను అడిగి తెలుసుకోవాలని గ్రామసేవకునికి బోధించారు. గ్రామసేవకుని అవసరాలను అడిగి తెలుసుకొనే ఏర్పాటు మాత్రం శిక్షణకు ముందు బలంగా లేదు.

4. కాకినాడ – మనసులోని అవసరం:

వెస్ట్ భాషలో, గ్రామాభివృద్ధి ప్రణాళికాకర్తలు పనిలో లోపాన్ని వెదికారు. 1960వ దశకంలో అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెల్లండ్ దానిని ప్రేరణలో వెదికాడు. ఘనమైన పని సాధించాలనే తపన ఎక్కువగా ఉన్న సమాజాలే ఆర్థికంగా ముందడుగు వేస్తాయని ఆయన 1961 నాటి గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ తపనను శిక్షణ ద్వారా పెంచవచ్చా అన్నది తరువాతి ప్రశ్న. దానికి పరీక్షాస్థలం కాకినాడ అయింది.

చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962 నుంచి హైదరాబాదులో పనిచేస్తోంది. అదే నేటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. ఆ సంస్థ సహకారంతో 1964–65లో కాకినాడకు చెందిన సుమారు యాభైమంది వర్తకులు, పారిశ్రామికులు పది రోజుల శిక్షణ పొందారు. బొమ్మను చూసి కథ రాయడం, ఆ కథలో సాధనాకాంక్ష ఎంత ఉందో తామే లెక్కించుకోవడం, మితమైన సాహసం అలవడేలా ఆటలు ఆడడం, తమ విలువలను తామే పరీక్షించుకోవడం, రాబోయే కాలానికి లక్ష్యాలు రాసుకోవడం అందులోని అంశాలు. పెట్టుబడి గురించి గాని, యంత్రాల గురించి గాని పాఠాలు లేవు. పోలిక కోసం గోదావరి తీరపు మరో పట్టణమైన రాజమండ్రిని శిక్షణ లేని పట్టణంగా ఎంచుకున్నారు.

ఈ ప్రయోగ ఫలితాలను మెక్లెల్లండ్, డేవిడ్ వింటర్ 1969లో గ్రంథరూపంలో ప్రకటించారు. శిక్షణకు ముందటి కాలంతో పోల్చినప్పుడు, తరువాతి కాలంలో శిక్షణ పొందినవారి వ్యాపార చురుకుదనం గణనీయంగా పెరిగింది. శిక్షణ పొందనివారిలో అంతటి మార్పు కనిపించలేదు. సంప్రదాయ విశ్వాసాలు వ్యాపార వికాసానికి అడ్డంకి అనే వాదానికి కూడా ఈ ఫలితాలు బలం చేకూర్చలేదు. ఆచారాలు పాటించేవారు ఆ ఆచారాలను విడువకుండానే కొత్త పనులు చేపట్టగలిగారు.

అవసరాల విశ్లేషణ దృష్టితో చూసినప్పుడు అసలు ముఖ్యమైన ఫలితం మరొకటి. తమ వ్యాపారంలో నిర్ణయాలు తీసుకొనే అధికారం తమ చేతిలోనే ఉన్నవారిలో మార్పు ఎక్కువగా కనిపించింది. తండ్రి మాటకో, అన్న మాటకో, యజమాని మాటకో లోబడి పనిచేసేవానికి తపన పెరిగినా దానిని ఆచరణలో పెట్టే చోటు లేదు. ఉమ్మడి కుటుంబ వ్యాపారాలు సాధారణమైన సమాజంలో ఇది చిన్న విషయం కాదు. తపన ఉండీ అవకాశం లేనివానికి శిక్షణ మేలు చేయకపోగా అసంతృప్తిని పెంచే ప్రమాదం కూడా ఉంటుంది.

కాకినాడ ప్రయోగంలో అవసరం ముందుగానే ఒక సిద్ధాంతం నుంచి నిర్ణయమైంది. కాకినాడ వర్తకునికి కొరవడినది ఏది అని పట్టణంలో వెదికి తేల్చిన అంశం కాదది. పెట్టుబడి, రవాణా, ముడిసరుకు, లైసెన్సు వంటివి ఎవరికి ఎంత అడ్డు అన్న లెక్కను సాధనాకాంక్ష అనే ఒకే కొలమానం చూపలేదు. ఈ లోటు 1970లో గుజరాత్‌లో ఆరంభమైన పారిశ్రామిక శిక్షణ కార్యక్రమాలలో కొంత తీరింది. అక్కడ ప్రేరణ శిక్షణతో పాటు అభ్యర్థుల ఎంపిక, వ్యాపార పథకం తయారీ, ఋణ సౌకర్యం ఒకే వరుసలోకి వచ్చాయి. అదే సంవత్సరం రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ వెలువరించిన గ్రంథం ఇదే అవగాహనను సాధారణ సూత్రంగా చెప్పింది. పని సరిగా సాగనప్పుడు ముందుగా తేల్చవలసినది ఒక్కటే: ఆ వ్యక్తికి పని చేతకావడం లేదా, లేక చేతనయినా చేయలేని పరిస్థితి ఉన్నదా? రెండవది నిజమైతే శిక్షణ దానికి పరిష్కారం కాదు.

5. నెల్లూరు – అభ్యాసకులు పలికిన అవసరం:

పై మూడు సందర్భాలలో అవసరాన్ని నిర్ణయించినవారు అధికారులు లేదా నిపుణులు. నాలుగవ సందర్భంలో ఈ క్రమం తలకిందులైంది.

1988లో ఏర్పడిన జాతీయ అక్షరాస్యతా మిషన్ 15 నుంచి 35 ఏళ్ల వయసువారిని లక్ష్యంగా పెట్టుకుంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటితమైన తరువాత, ఆ నమూనా ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా దానిని ఉత్సాహంగా చేపట్టింది. వాలంటీర్లు పల్లెలలో రాత్రి బడులు నడిపారు. వాటికి వచ్చినవారిలో స్త్రీలు, ముఖ్యంగా వ్యవసాయ కూలీలు ఎక్కువ.

ఈ ఉద్యమం వెనుక పావ్లో ఫ్రేరే ఆలోచనల ప్రభావం ఉంది. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో శ్రామికులకు చదువు నేర్పే ముందు ఆయన బృందం వారి వాడుకలోని మాటలను సేకరించి, వారి జీవితాన్ని ప్రశ్నించే మాటలనే తొలి పాఠాలుగా ఎంచుకుంది. వాచకానికి ముందు జరిగే ఆ పదసేకరణ కూడా ఒక విధమైన అవసరాల విశ్లేషణే. నెల్లూరు వాచకాలలోనూ కూలిరేట్లు, నీటి ఎద్దడి, స్త్రీల కష్టాలు పాఠాలుగా మారాయి. భర్త తాగుడు వల్ల కుటుంబం ఛిన్నాభిన్నమైన స్త్రీని గురించిన ‘సీతమ్మ కథ’ వాటిలో ప్రసిద్ధం.

ఆ కథపై చర్చ పుస్తకంలో ఆగలేదు. కూలిడబ్బు ఇంటికి చేరకముందే సారా దుకాణంలో ఖర్చయ్యే చోట అక్షరజ్ఞానం వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న తలెత్తింది. 1992లో దూబగుంట స్త్రీలు ఏకమై తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు ఆ పోరాటంతో ముడిపడి నిలిచింది. ఉద్యమం జిల్లా అంతటా, ఆపై రాష్ట్రమంతటా వ్యాపించింది. స్త్రీల ప్రతిఘటన వల్ల నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదాపడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ఈ ఉద్యమం మొత్తానికి ఒక వాచకమే కారణమనడం సరికాదు. అప్పటికే గ్రామాలలో ఉన్న కష్టం, స్త్రీల సంఘటితశక్తి, స్వచ్ఛంద సంస్థలు, రాజకీయ పక్షాలు, పత్రికలు దానిని నడిపించాయి. శిక్షణ చరిత్రకు సంబంధించినంతవరకు ఇక్కడి విశేషం వేరు. ప్రభుత్వం నిర్ణయించిన అవసరం చదవడం, రాయడం, లెక్కించడం. స్త్రీలు గుర్తించిన అవసరం ఇంటికి చేరని కూలి. చర్చకు చోటిచ్చిన వాచకం ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని బయటపెట్టింది. ఆ దూరం బయటపడినప్పుడు, అక్షరాస్యతకు నిధులిస్తూనే సారా వేలం మీద ఆదాయం పొందుతున్న ప్రభుత్వం ఇరకాటంలో పడింది. అవసరాన్ని నిజాయితీగా విచారిస్తే, ఆ విచారణను తలపెట్టినవారికే ఇబ్బందికరమైన సమాధానం రావచ్చునని నెల్లూరు నిరూపించింది.

6. ముగింపు:

ఢాకాలో అవసరమంటే చదువు వల్ల కలిగే వినియోగం. గ్రామసేవకుని విషయంలో అది పని జాబితా. కాకినాడలో అది మానసిక ప్రేరణ. నెల్లూరులో అది అభ్యాసకుల జీవితం. ఈ నాలుగూ ఒకదానిని మరొకటి రద్దుచేసిన దశలు కావు. ప్రతి ఒక్కటి ముందరిదానిలో లోపించిన ప్రశ్నను చేర్చింది. వీటి నుంచి నాలుగు నిర్ధారణలు చేయవచ్చు.

1. శిక్షణను పూర్తిచేసినవారికే కాక, మధ్యలో మానినవారికీ ఏమి దక్కుతుందో ప్రణాళిక దశలోనే లెక్కించాలి.

2. కాగితం మీది పని జాబితాను, క్షేత్రంలో ఆ పని చేసేవారి అనుభవంతో సరిచూడాలి.

3. కొరత జ్ఞానంలో ఉన్నదా, అధికారంలో లేదా వనరులలో ఉన్నదా అని విడదీయాలి. రెండవ రకపు కొరతకు శిక్షణను పరిష్కారంగా చూపడం బాధ్యతను బలహీనుని మీదికి నెట్టడమే అవుతుంది.

4. విశ్లేషణ శిక్షణకు ముందే ముగిసిపోదు. అభ్యాసకులు మాట్లాడే చోటు తరగతిలో ఉంటే అది కొనసాగుతుంది, తొలి నిర్ణయాలను సవరిస్తుంది.

శిక్షణకు హాజరయ్యే రోజుకూలీ ఒక దినపు కూలిని వదులుకుంటుంది. చిన్న వర్తకుడు దుకాణం మూసి వస్తాడు. కార్యకర్త ఊరిలోని పనిని వాయిదా వేసుకుంటాడు. అవసరం లేని శిక్షణకు అయ్యే అసలు ఖర్చు సంస్థ లెక్కల పుస్తకంలో కనిపించదు. అది వచ్చినవారి కాలంలోనూ, వారి నమ్మకంలోనూ జమపడుతుంది. ఒకసారి వృథాగా పిలిపించుకున్నవాడు మరోసారి పిలిస్తే రాడు. అందువల్ల శిక్షణకు ముందు ‘నీకేమి కావాలి’ అని అడగడం సాంకేతికమైన తొలిమెట్టుతో పాటు, పిలిచినవారు వచ్చినవారికి చెల్లించవలసిన తొలి బాకీ కూడా.